గుండు కట్టిన దారం

ఒక గాజు నెగెటివ్ బరువెంత ఉంటుందో మీకు తెలుసా? అరచేతిలో పెట్టుకుంటే తమలపాకుల కట్టంత కూడా తూగదు. దాన్ని పదేళ్లుగా మోస్తున్నాను. దుకాణంలో ఏ మూల కూర్చున్నా అది ఏ పెట్టెలో ఉందో నా వీపుకు తెలుస్తూనే ఉంటుంది. నా పేరు రాయను. మీరెవరో నాకూ తెలియదు, అదే మేలు. నేను అనుమానపు మనిషిని, ముందే చెబుతున్నాను. ఇది చదివేవాళ్లలో, నేను చెప్పబోయే గుత్తెదారు తాలూకు మనిషి ఒకడుంటాడని ఇప్పుడు కూడా అనిపిస్తోంది. అయినా రాస్తాను. ఇవాళ రాయకపోతే రేపు నా చేయి ఏం చేస్తుందో నాకే నమ్మకం లేదు.

కరీంనగర్‌లో ఒక ఫోటో స్టూడియోలో నాది చీకటిగది పని. తీసేది మా యజమాని, ఉస్తాద్ అనేవాళ్లం. కడిగి, పెద్దది చేసి, దిద్దేది నేను. నిజాం రాజ్యం పోయిన కొత్తల్లో చేరాను. ఉస్తాద్ హైదరాబాద్‌లో హవేలీలు, దేవిడీలు ఫోటో తీసి చేయి తిరిగినవాడు. ఆ రోజుల్లో జిల్లా అంతటా బడులు, దవాఖానాలు, వంతెనలు లేస్తున్నాయి. ప్రతిదానికీ ఫైలులో పెట్టడానికి ఫోటో కావాలి. మనుషుల ముఖాలు ఎవరైనా దిద్దుతారు, నాలుగు మొటిమలు తీసేస్తే మురిసిపోతారు. కట్టడాన్ని దిద్దడం వేరు. ఎత్తయిన కట్టడాన్ని కిందినుంచి కెమెరా మూతి పైకెత్తి తీస్తే, గోడలు రెండూ పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలినట్టు పడతాయి. దాన్ని సరిచేయడానికి, పెద్ద బొమ్మ వేసేటప్పుడు కాగితం ఉన్న బల్లను ఒక పక్క ఎత్తి, కింద చెక్కముక్క పెడతాం. ముక్కను జరుపుతూ, కళ్లు చికిలించి చూస్తూ ఉంటే, ఒకచోట గోడలు రెండూ నిటారుగా లేచి నిలబడతాయి. అప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. జిల్లాలో ఆ పని నా అంత బాగా చేసేవాడు లేడని పేరు కూడా వచ్చింది.

ఉస్తాద్ నాకు నేర్పింది రెండే మాటలు. "గోడ ఎన్నడు వంగదు బేటా, వంగేది కెమెరా. నువ్వు సీదా చెయ్." రెండోది, ఇమారత్ ఫోటోలో ఇన్సాన్, అంటే కట్టడం ఫోటోలో మనిషి, ఉండకూడదని. ఆ రెండు మాటలూ నేను తు.చ. తప్పకుండా పాటించాను. నా పాపం మొత్తం ఆ రెండు మాటల్లోనే ఇమిడిపోయింది.

ఆంధ్రతో రాష్ట్రం కలిసిన మరుసటి ఏడు, మెట్‌పల్లిలో సాలెల కోసం రెండంతస్తుల కట్టడం ఒకటి లేచింది. కింద నూలు గోదాము, పైన మగ్గాలు. గుత్తెదారు భూములున్న ఇంటివాడు, దొర అని పిలవకపోతే పలకడు. ఉస్తాద్ వెళ్లి ఒకే ఒక్క నెగెటివ్ తీసుకొచ్చాడు. దగ్గుతూ వచ్చి, దాన్ని నా చేతిలో పెట్టి, "సీదా చెయ్" అని మాత్రం అని మంచమెక్కాడు. అక్కడ ఏం చూశాడో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? దగ్గు వల్లనా? నన్ను చూసి నిజంగానే గోడ గురించి అన్నాడా, లేక ఇంకేదైనా సీదా చేయమన్నాడా? ఉస్తాద్ పోయి కూడా ఏళ్లయింది, ఆ అనుమానం మాత్రం నాతోనే ఉంది.

నెగెటివ్ కుడి అంచున ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలకు రుమాలు, మోకాళ్ల దాకా సున్నం. కుడిచేయి చాపి దేన్నో చూపుతున్నాడు. చూస్తే, గోడ మూల పైనుంచి తెల్లని దారం ఒకటి వేలాడుతోంది. దాని చివర గుండు, మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే గుండు. పనయిపోయాక దారం తీయడం మరిచిపోయారేమో అనుకున్నాను. బల్ల కింద చెక్కముక్క పెట్టాను. ఎడమ గోడ బుద్ధిగా నిలబడింది. కుడి గోడ మొండికేసింది, బయటికి వాలే ఉంది. ఉస్తాద్ కెమెరా పక్కకు కూడా ఒరిగిందేమో అని కాగితాన్ని కాస్త తిప్పి, బల్ల ఒక మూలను ఇంకొంచెం ఎత్తాను. ఈసారి రెండు గోడలూ చెప్పిన మాట విన్నాయి. నేల కొంచెం ఏటవాలుగా వచ్చింది, దాన్ని కింద కత్తిరించవచ్చు. తృప్తిగా వెనక్కి జరిగి చూశాను. దారం వంకరగా ఉంది.

గాలికి ఊగిందేమో అనుకున్నాను. కానీ వెనక చింతచెట్ల ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆ పూట గాలి లేదు. ఊరంతా వంకరపోవచ్చు గాని, గుండు కట్టిన దారం వంకరపోదు. చెక్కముక్క తీసి మళ్లీ చూశాను. దారం అడుగున గోడకూ గుండుకూ మధ్య జానెడు సందు. వంగింది కెమెరా కాదు, గోడ. ఆ మనిషి దారం మరిచిపోలేదు. ఫోటోలో పడాలనే కట్టాడు, పక్కన నిలబడి చేయి చూపించాడు.

ఇదంతా తెలిశాకే చేశాను. తెలియక చేశానని మీరు అనుకుంటారేమో, వద్దు. చెక్కముక్కను మళ్లీ పెట్టి గోడలను నిలబెట్టాను. కాగితం కడిగాను. ఆరాక, సన్నకుంచెతో దారాన్ని చింతచెట్ల నలుపులో కలిపేశాను. గుండు మీద నాలుగు ఆకులు వేశాను. అంచున ఉన్న మనిషిని కత్తిరించేశాను. భయపడ్డానా? నన్నెవరూ బెదిరించలేదు. ఆశపడ్డానా? ఎవరూ ఏమీ ఇస్తామనలేదు. పదేళ్లుగా ఆ మూలా ఈ మూలా వెతికి నాకు దొరికిన జవాబు ఒక్కటే. వాలిన గోడతో ఉన్న ఫోటో నా చేతిమీదుగా బయటికి పోవడం నాకు నచ్చలేదు. నలుగురూ చూసి, వీడికి పని రాదనుకుంటారని. అంత చిన్న కారణం.

ఫోటో తీసుకోవడానికి దొర స్వయంగా వచ్చాడు. ఎవరైనా ఫోటో ఇస్తే ముందు మొత్తం చూస్తారు. ఆయన చూపు నేరుగా కుడి మూలకు పోయింది. కాసేపు అక్కడే ఆగింది. తర్వాత నా ముఖం చూసి, "పనితనమంటే గిదీ" అన్నాడు. అడగకుండానే నాకు ఒక భాగస్వామి దొరికాడు.

రెండో వానాకాలంలో ఆ మూల కూలింది. చచ్చినవాళ్లు లేరు. మగ్గాలు రెండు విరిగాయి, గోదాములో నూలంతా తడిసి బురదయింది. తప్పెవరిదని సాలెలు నిలదీస్తే దొర నా ఫోటో తీసి పంచాయతీ మధ్యలో పెట్టాడట. అప్పగించిననాడు గోడ ఎంత నిటారుగా ఉందో చూసుకోండి, ఆ తర్వాత సున్నం వేయడానికి వచ్చిన మేస్త్రీని నేను పనిలోంచి తీసేస్తే, ఆ కసితో మూలరాళ్లు కదిలించాడు, అన్నాడట. మేస్త్రీ పేరు రాజలింగం. పునాది చాలదని కడుతున్నప్పుడే మొత్తుకున్నవాడు అతనే. ఫోటో దిగేనాడు గుండు కట్టి చూపించాను, ఫోటోలో దారం వెతకండి అన్నాడట. ఫోటో చేతులు మారింది. దారం లేదు, మనిషీ లేడు. అబద్ధాలకోరని తేల్చారు.

మర్నాడు అతను మా దుకాణానికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గడప దగ్గరే నిలబడ్డాడు. నేను బల్ల దగ్గర ఉన్నాను. నెగెటివ్ ఉన్న పెట్టె నా వెనకే, చేయి చాపితే అందేంత దూరంలో ఉంది.

"సారూ, మెట్‌పల్లి ఫోటోల నా దారం ఏది?"

"సన్నటి దారం గదా మేస్త్రీ. కెమెరాకు అందలే."

"కండ్లకు ఆనాలెనని మూడు పేటలు పేనిన సారూ." తల రుమాలు తీసి భుజాన వేసుకున్నాడు. "సరే, దారం అందలే. మరి నేనేడ వోయిన?"

"నువ్వు అంచుకు అవతల నిలవడ్డవు. వడలే."

"గట్లనా." నమ్మాడో లేదో ముఖంలో తెలియలేదు. పోతూ పోతూ మా దర్వాజ పక్క గోడమీద అరచేయి ఆనించి, ఒక కన్ను మూసి కింది నుంచి పైకి చూశాడు. "మీ గోడ సీదగ ఉన్నది సారూ. మంచిగ కట్టిండ్రు" అన్నాడు.

ఆ మాట ఏమిటి? మేస్త్రీలు ఏ ఇంటికి పోయినా గోడ చూస్తారు, అలవాటు. అంతేనా? లేక అంతా తెలిసి అన్నాడా? తెలిస్తే ఎందుకు కొట్టలేదు, ఎందుకు తిట్టలేదు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆనాటి నుంచి ఎవరు 'సీదా' అన్నా నన్నే అన్నారనిపించేది. మా ఇంట్లో గోడలన్నిటికీ నేనే గుండు కట్టి చూసుకున్నాను. నా భార్య నవ్వింది. ఆమెకూ తెలుసేమోనని ఆమెనూ అనుమానించాను.

రాజలింగానికి ఆ తర్వాత ఎవరూ గోడ పని ఇవ్వలేదు. భార్యతో ఆదిలాబాద్ అడవుల వైపు వెళ్లిపోయాడని విన్నాను. ఒకసారి జైనూర్‌లో కొత్త దవాఖానా ఫోటోకు నేనే పోవలసి వచ్చింది. కరీంనగర్ దిక్కు మేస్త్రీ ఒకడు ఇక్కడ తాపీ ముట్టడు, తట్టలు మోస్తాడు, అని ఎవరో నవ్వుతూ చెప్పారు. పనివాళ్లు నా వెనక మట్టి మోస్తున్నారు. నేను వెనక్కి తిరగలేదు. ఆ రోజు ఫోటో తీసినంత సేపూ నా మెడ ఎటూ కదలలేదు.

మొన్న ఒక ముసలామె దుకాణానికి వచ్చింది. రాజలింగం భార్య పోశవ్వ. అతను పోయాడట. దినాలకు పటం కట్టించాలి.

"బతుకుల ఒక్కపారే ఫోటో దిగిండట సారూ, గా గోడకాడ. అంచుకు అవతల వడ్డడని మీరే చెప్పిండ్రట. గింత చెయ్యన్న వడ్డదేమో, జర సూడుండ్రి."

చూస్తానన్నాను. రేపు రమ్మన్నాను.

ఇవాళ పొద్దున పెట్టె తెరిచాను. చెక్కముక్కను ఈసారి గోడకు కాదు, దారం నిటారుకు సరిపెట్టాను. కాగితం మందునీళ్లలో వేస్తే మొదట గుండు తేలింది, తర్వాత దారం, తర్వాత అతని ముఖం. నేననుకున్నంత కోపంగా లేదు. కెమెరా ముందు మొదటిసారి నిలబడ్డవాడి బెరుకు ఉంది, అంతే. ఫోటో ఇప్పుడు నా ఎదుట తీగమీద ఆరుతోంది. వాలిన గోడ, నిటారుగా దారం, పక్కన మనిషి.

ఇది రాస్తూనే రెండుసార్లు లేచి కత్తెర దగ్గరికి పోయాను. మీ దగ్గర దాచడం ఎందుకు? ముఖం వరకు కత్తిరించి ఇస్తే చాలు. ఆమె సంతోషంగా దండం పెట్టి పోతుంది, గోడ సంగతి ఎవరికీ తెలియదు. చాలా శుభ్రమైన పని. నా చేయి దానికి అలవాటు పడినదే. అందుకే ఇది ఇవాళే రాయవలసి వచ్చింది. రేపు ఆమె చేతికి మొత్తం ఫోటో ఇస్తే, దారం చూసి ఆమె నన్నేమంటుందో తెలియదు. ఏమన్నా అనడానికి ఆమెకు హక్కుంది. కత్తిరించి ఇస్తే మాత్రం, ఏం కత్తిరించానో ఇది చదివిన మీకు తెలుస్తుంది. నన్ను అనుమానించడానికి ఇప్పటిదాకా నేనొక్కడినే ఉన్నాను, ఇప్పుడు మీరు కూడా ఉన్నారు. అందుకేనేమో, వీపు మీద బరువు కొంచెం తగ్గినట్టుంది.

ఆ రోజు గడప దగ్గర చెప్పవలసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. మేస్త్రీ, నీ దారం వడ్డది. నువ్వూ వడ్డవు. తీసేసింది నేను.