పైలట్ ఫోటోకు దండ

ముందే చెబుతున్నాను, నేను పెంచి చెబుతాను. పది మంది వస్తే వంద మందంటాను, చినుకు పడితే వరదంటాను. మా ఆవిడ నా నోట్లోంచి వచ్చే ప్రతి అంకెనూ నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే చదువుకోండి. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో కల్పించినది కూడా ఒకటి ఉంది. అదేమిటో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఎనభైల చివర్లో మేము రహమత్ నగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. మా నాన్న ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోలో ప్రాపర్టీ మనిషి. సెట్టు మీద నటులు తప్ప మిగతాదంతా ఆయనే తేవాలి: మంచం, మరచెంబు, తుపాకి, తులసికోట. ఇంట్లో ఏది మాదో ఏది సినిమాదో మాకే తెలిసేది కాదు. ఒక వేసవంతా నేను సింహాసనం మీద కూర్చుని చద్దన్నం తిన్నాను.

డిగ్రీ అయ్యాక వైమానిక దళంలో పైలట్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. కారణం పెద్దదేం కాదు. అప్పట్లో జూబ్లీ హిల్స్‌లో ఇళ్ల కన్నా బండరాళ్లే ఎక్కువ. సాయంత్రం వాటి మీద కూర్చుంటే బేగంపేటలో దిగే విమానాలు కనిపించేవి. చెయ్యి చాపితే చక్రం తగిలేది. పదేళ్లు అలా చూశాక, లోపల కూర్చున్నవాడికి నేనెలా కనిపిస్తానో చూడాలనిపించింది. వయసు లెక్కన నాకు అదే ఆఖరి అవకాశం.

దరఖాస్తు ఫారం మా వీధి తలుపంత ఉండేది. నింపడానికి వారం పట్టింది. పుట్టుమచ్చలు రెండు రాయమంటే నాకున్నది ఒక్కటే. రెండోదాన్ని మేకప్ మనిషి చేత పెట్టిస్తానన్నాడు నాన్న. చిన్నప్పుడు మోకాలికి తగిలిన దెబ్బ గుర్తుకొచ్చి మా పరువు కాపాడింది.

మైసూరుకు పిలుపొచ్చింది. ఐదు రోజుల పరీక్షలు. ఛాతీకి నంబరు కట్టారు. మొదటి రోజు మసకమసకగా ఉన్న ఒక బొమ్మ చూపించి, నాలుగు నిమిషాల్లో కథ రాయమన్నారు. పక్కవాళ్లంతా వరదొస్తే యువకుడు ఊరిని కాపాడాడని రాసి కలం మూశారు. నేను ఇంటర్వెల్ దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టారు.

ఆ తర్వాత యంత్రం పరీక్ష. చేతికో కర్ర, కాళ్ల కింద రెండు పెడళ్లు, ఎదురుగా తెర మీద ఒక వెలుగు చుక్క. చుక్క గడి దాటకుండా చూసుకోవాలి. ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే పెడతారు, తప్పితే మళ్లీ ఆ గదిలోకి రానివ్వరు. ఫిల్మ్ నగర్‌లో పెరిగినవాణ్ని కదా, చుక్క జారగానే "వన్ మోర్ సార్!" అని అరిచాను. అక్కడున్న అధికారి నవ్వకుండా, ఆకాశంలో రెండో టేకు ఉండదని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మాటకు బిగుసుకుపోయి, మిగతా సేపంతా ఆ చుక్కను కన్నకూతుర్ని చూసుకున్నట్టు చూసుకున్నాను.

చివరి రోజున నాలుగు వందల మందిలో నలుగురి నంబర్లు పిలిచారు. నాలుగు వందల్ని భాగించుకోండి. నలుగుర్ని మాత్రం ముట్టుకోకండి, అది అసలు లెక్క. అందులో నా నంబరుంది. తర్వాత బెంగళూరులో వైద్య పరీక్షలు. నా కాళ్లను ఏ దర్జీ కూడా అంత శ్రద్ధగా కొలవలేదు. పనికొస్తానని రాశారు.

అయినా చేరినట్టు కాదు. దేశమంతటా నెగ్గినవాళ్లను మార్కుల వరసలో పేర్చి, ఖాళీలు ఎన్నుంటే అక్కడ గీత గీస్తారు. గీతకు పైనుంటే చేరమని ఉత్తరం. కిందుంటే, చేరనక్కర్లేదని ఉత్తరం. నాలుగు నెలలు ఎదురుచూశాను. నాన్న మా పాత ట్రంకుపెట్టెకు సెట్టు పెయింటరు చేత నీలం రంగు వేయించి, మూత మీద తెల్లటి అక్షరాలతో నా పేరు రాయించాడు. నేను రోజూ పదిన్నరకల్లా సందు మొగదల పోస్ట్‌మాన్‌కు ఎదురెళ్లేవాణ్ని.

"ఏంది తమ్మీ, మల్ల వచ్చినవా?" అనేవాడాయన సైకిల్ దిగకుండానే. "నీ కాయితం వస్తే నా దగ్గర దాసుకుంటనా? దాన్తోని నేను విమానం నడుపుతనా? పో, జర ఇంట్ల కూసో."

అలాంటి రోజుల్లో ఒకనాడు నాన్న అన్నం తింటూ అన్నాడు:

"ఒరే, రేపు స్టూడియోలో షూటింగ్ ఫ్లోరుకి రా. ఒక ఫోటో దిగాలి."

"ఏం ఫోటో నాన్నా?"

"పైలట్ యూనిఫాం. నువ్వెలాగూ కాబోయేవాడివేగా, నీకే బాగుంటుంది."

వెళ్లాను. చొక్కా మీద మూడు యుద్ధాలకు సరిపడా పతకాలున్నాయి. ప్యాంటు మాత్రం పిక్కల దగ్గరే ఆగిపోయింది. "నడుం వరకే కదా తీసేది," అని స్టిల్ ఫోటోగ్రాఫర్ ధైర్యం చెప్పాడు. ఎందుకు తీస్తున్నారని నేను అడగలేదు. ఆ టోపీ పెట్టుకున్నాక అద్దం వదిలి రావడమే కష్టమైంది.

రెండు రోజుల తర్వాత నాన్నకు క్యారియర్ ఇవ్వడానికి ఫ్లోరులోకి వెళితే, సెట్టులో గోడ మీద నేనున్నాను. మెడలో గంధపు దండ, ముందు దీపం. కింద అమ్మ వేషం కట్టిన ఒక పెద్దావిడ "బాబూ!" అని గుండెలు బాదుకుంటోంది. "ఇంకాస్త ఏడవాలమ్మా, ఒక్కగానొక్క కొడుకు," అంటున్నాడు డైరెక్టర్.

"నాన్నా, నేను చచ్చిపోయానా?"

"కథలోరా. మంచి చావే, విమానం కూలి."

"నాకు చెప్పొద్దూ?"

"చెబితే దిగుతావా? దండకు బతికున్నవాడెవడూ ఫోటో ఇవ్వడు. ఊరంతా అడిగాను, ఒకడు కొట్టడానికి కూడా వచ్చాడు. నేనేం చెయ్యను మరి?"

ఆ సాయంత్రం ఫోటో మా ఇంటికొచ్చింది. మళ్లీ సీను పడుతుందేమోనని నాన్న పేపర్లో చుట్టి తెచ్చాడు. అమ్మ విప్పింది. అద్దం మీద కుంకుమ, చట్రానికి ఎండిన పువ్వు.

"ఉత్తరం కోసం చూస్తున్న పిల్లాడికి దండేస్తారా? మీరసలు మనిషేనా?"

"ఫోటోకే వేశాంగా..."

"నవ్వు షాటు తీశారా?"

సినిమాలో చనిపోయినట్టు నటించినవాళ్లను ఊరికే ఇంటికి పంపరు. లేపి కూర్చోబెట్టి, కెమెరా వైపు నవ్వమని ఒక షాటు తీస్తారు. ఆ నవ్వుతో దోషం పోతుందని నమ్మకం.

"ఫోటో ఎలా నవ్వుతుందే?"

"పిల్లాడు నవ్వగలడుగా! రేపు వాణ్ని రమ్మనండి. నవ్వాకే ఇంటికి రావాలి."

మర్నాడు ఫోటో మళ్లీ సెట్టు గోడెక్కింది. భోజనాల వేళ, ఫ్లోరులో ఎవరూ లేనప్పుడు కెమెరా అసిస్టెంటును పట్టుకున్నాను. అతనిది యూసుఫ్‌గూడ. విషయం విని కాసేపు నెత్తి గోక్కుని, నన్ను నా ఫోటో పక్కనే నిలబెట్టాడు.

"నవ్వు అన్నా."

నవ్వాను.

"గిది నవ్వా? గోడ మీదోడే నీకంటే మంచిగున్నడు."

అది విని నిజంగానే నవ్వొచ్చింది. కెమెరా గిర్రున తిరిగి ఆగింది.

"రీలుంది కదా?" అన్నాను, అనుమానమొచ్చి.

"రీల్ ఏడిది? ప్రొడ్యూసర్‌కు ఎరుకైతే రేపు నా ఫోటోకే దండేస్తడు. ఉత్తగనే తిప్పిన. దేవునికి రీలెందుకే, గట్లనే కనవడదా?"

ఇంకో రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. ఈసారి పోస్ట్‌మాన్ సైకిల్ దిగి ఇచ్చాడు. నాలుగు లైన్లు. ఎంపిక జాబితాలో నా పేరు లేదు. నాకూ గీతకూ మధ్య ఎంత దూరమో అందులో రాయలేదు. అడిగినవాళ్లకు అర మార్కు అని చెబుతూ వస్తున్నాను. ఉత్తరంలో ఏముందో చెప్పగానే అమ్మ "పోన్లే" అని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. నీలం పెట్టెలో కందిపప్పు పోశారు. నేను ఫిల్మ్ నగర్‌లోనే ఒక ఆఫీసులో డైలాగులు తిరగరాసే పనిలో కుదిరాను. పెంచడం నేర్చుకున్నది అక్కడే.

ఇక కల్పించినది. అది అమ్మ భయం.

ఆ ఫోటో మా ఇంటికి రానే లేదు. సెట్టు విప్పాక స్టూడియో గోదాములో పడి ఉండేది, అమ్మ దాన్ని చూడలేదు. నవ్వు షాటు తియ్యమని ఆ అసిస్టెంటు వెనకాల రెండు రోజులు తిరిగింది నా అంతట నేనే. నాన్నకు కూడా చెప్పలేదు. పైలట్ అవుతానన్నవాణ్ని, గంధపు దండకు జడిశానని ఎలా చెప్పను? ఆ నీలం పెట్టె అమ్మ పెళ్లినాటిది. చీరలు అట్టపెట్టెలోకి మార్చి, రంగు వేయించమని నాన్న వెంటపడింది కూడా అమ్మే. ఉత్తరం చదివి "పోన్లే" అని ఊపిరి పీల్చుకున్నది నేను. అమ్మ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, ఇంగ్లీషు రాకపోయినా, వెనక్కి తిప్పి చూసింది, అటువైపు ఇంకేమైనా రాశారేమోనని.