ముందే విప్పిన ముడుపు

మా ఆయన ఊపిరితిత్తిలో గడ్డ క్యాన్సరేనని తేలిన రోజే పసుపు గుడ్డలో టెంకాయ కట్టి దేవుడి గూట్లో పెట్టాను. గండం గట్టెక్కాక దాన్ని విప్పి, కొట్టి, నలుగురికీ పంచాలి. మా కడప వైపు ముడుపంటే అంతే.

స్కాన్లన్నీ అయ్యాక సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "మొదటి దశలాగే కనిపిస్తోందండి. పక్కనున్న లింఫు గ్రంథులు మామూలుగానే ఉన్నాయి. అయితే జబ్బు వాటిలోకి మరీ సన్నగా పాకి ఉంటే స్కాన్‌కి అందదు. ఆపరేషన్‌లో ఆ గ్రంథులూ తీసి పరీక్షకు పంపుతాం. అసలు దశ అప్పుడే తెలుస్తుందండి."

"టెంకాయ ఊపి చూసినట్ల అన్నమాట, కొడితేగానీ లోపలేముందో తెలీదు," అన్నాడు మా ఆయన. డాక్టరు నవ్వారు. నేను మాత్రం 'మొదటి దశ' దగ్గరే ఆగిపోయాను.

హైదరాబాద్ పుప్పాలగూడలోని మా ఇంటికి రాగానే స్నానం చేసి ముడుపు విప్పేశాను. బడికి పోని నాకు చదువంతా అమ్మే చెప్పింది. దేవుడికి దండం బాకీ పెట్టుకోకూడదన్నదీ ఆమె చెప్పిన పాఠమే. కొబ్బరి, బెల్లం కలిపి ఎదురింటావిడకు ఇచ్చాను. ఆమె నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో పుట్టిన మనిషి.

"ఏంది వదినా, ఆపరేషన్ అయిపోయిందా?"

"ఎల్లుండి. మొదటి దశేనంట."

ఆమె చేయి ప్లేటు మీదే ఆగింది. "పని గాకముందే ముడుపు ఇప్పినవా? గిట్ల చేస్తరా ఎవరన్న?" నా ముఖం చూసి, "ఫికర్ జెయ్యకు, మంచిగనే అయితది," అంటూ ముక్క నోట్లో వేసుకుంది. అది నమలడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ఆపరేషన్ రోజు సర్జన్ బయటికొచ్చి, "గడ్డ మొత్తం తీశామండి," అన్నారు. చేతులు జోడించాను. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు. "ఒక గ్రంథి చేతికి గట్టిగా తగిలింది. స్కాన్‌లో బాగానే ఉంది మరి. రిపోర్టు రానివ్వండి."

రిపోర్టు వారానికి వచ్చింది. ఆ ఒక్క గ్రంథిలోనే కాదు, చూడటానికి మామూలుగా ఉన్న ఇంకోదాంట్లో కూడా క్యాన్సర్ ఉంది. దశ మారిపోయింది. మందులు ఎక్కించాలన్నారు.

ఇంటికొచ్చే దారిలో టెంకాయల కొట్టు కనబడితే ముఖం పక్కకు తిప్పుకున్నాను. మా ఆయనే కనిపెట్టి అన్నాడు. "నువ్వు టెంకాయ ముందే కొట్టినావని రాలేదులేమ్మే. అది అప్పటికే లోపల ఉండాది."

నా మీద తప్పు లేకుండా చేయాలని అన్నాడు. అలాంటి మనసున్న మనిషినిచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. కానీ నేను నవ్వుతూ ప్రసాదం పంచిన పూట కూడా అది ఆయన లోపల కూర్చునే ఉందన్నమాట.

మళ్లీ ముడుపు కట్టాను. మందులయ్యాక స్కాన్ తీస్తారట. అందులో ఏమీ కనబడకపోతే విప్పొచ్చా అని ఎదురింటావిడను అడిగాను.

"జర ఆగు వదినా," అంది.

ఎన్నాళ్లో చెప్పలేదు.