మా పెద్దమ్మ గొంతు, మా తాత డప్పు

పోయిన ఆదివారం జలుబు చేసి నా గొంతు పూర్తిగా పట్టేసింది. జగిత్యాలలో మా చర్చిలో అందరూ లేచి పాడుతుంటే నేను ఊరికే పెదవులు కదుపుతూ నిలబడ్డాను. పక్కనున్నావిడ నా వైపు వంగి, "ఇయ్యాల నీ పాట దేవునికొక్కనికే ఇనబడుతున్నట్టుంది" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆరాధన అయ్యేదాకా నా మనసు కోరుట్లలోనే ఉంది. అక్కడుండే మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, గుర్తొచ్చింది.

పెద్దమ్మది తియ్యటి గొంతేమీ కాదు, మైకు అక్కర్లేని గొంతు. బీడీలు చుట్టుకుంటూ పాడుతుంటే, వీధి చివర పాలు పోసే ఆయన కూడా ఆమె ఏ చరణంలో ఉందో చెప్పగలిగేవాడు. చర్చిలో పాస్టరుగారు ఒక రాగంలో ఎత్తుకుంటే ఈమె ఇంకో రాగంలో అందుకునేది. రెండో చరణానికల్లా సంఘమంతా, పాస్టరుగారితో సహా, ఆమె దారిలోకే వచ్చేది. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే ఆమె భర్త, మా పెద్దబాపు, ఒక మధ్యాహ్నం పనిలోనే గుండె ఆగి పోయాడు. ఆమె పసిబిడ్డయిన కూతురిని ఎత్తుకుని కోరుట్లలోని తల్లిగారింటికి వచ్చేసింది. వచ్చిన ఆదివారమే చర్చికి పోయి పాడింది. నీకు పాడబుద్ధి ఎట్లయిందే అని మా అమ్మ అడిగితే, "దేవునితోని కొట్లాట కొట్లాటే. ఆయనతోని మాట్లాడుడైతే బంద్ పెట్టలే గద" అందట. ఆ కొట్లాట ఉత్తది కాదు. ఇంట్లో ప్రార్థనలో ఆమె దేవుణ్ని నిలదీసే తీరు వింటే, లోపలి గదిలో ఎవరో చుట్టం తప్పు చేసి దొరికిపోయాడేమో అనుకునేవాళ్లం.

కూతురి పెళ్లయి, ఇక నిమ్మళమే అనుకునే వేళకు పెద్దమ్మ గొంతు దగ్గర గడ్డ లేచింది. ప్రాణానికి భయం లేదు గానీ గొంతు మారొచ్చని ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ముందే చెప్పింది. మారడం కాదు, పోయింది. ఎండుటాకుల మీద చీపురు లాగినట్టు ఒక గుసగుస మిగిలింది. వారాల తరబడి ఆమె చర్చి గడప తొక్కలేదు. పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తే ఆమెన్ కూడా అనలేదు. నేను చూడబోయిన రోజు, ఒళ్లో చాట పెట్టుకుని గోడవైపు తిరిగి బీడీలు చుడుతోంది. దగ్గరగా కూర్చుంటే నెమ్మదిగా అంది: "ఆయనిచ్చిన గొంతే గద బిడ్డా. ఆయనకే పాడిన. మరెందుకు గుంజుకున్నడు?"

ఆమెతో కలిసి బీడీలు చేసే పక్కింటామె ఒకావిడ ఉండేది. కల్లు గీసేవాళ్ల ఇల్లు, కొండగట్టు ఆంజనేయుడంటే ప్రాణం. "నీ గొంతు మల్ల వత్తే కొండగట్టుకు నడుసుకుంట వత్తనని అంజన్నకు మొక్కిన వదినా" అందామె ఒకరోజు. పెద్దమ్మ తలెత్తకుండానే, "మొక్కింది నువ్వు. నడుసుడు నీదే. నన్ను రమ్మనకు" అంది. ఆపరేషన్ తర్వాత ఆమె వేసిన మొదటి పరాచికం అదే. ఆ ధైర్యంతోనే కాబోలు, మరునాడు పక్కింటామె తన ఫోన్లో వెతికి వెతికి ఒక క్రైస్తవ పాట పెట్టింది. వింటూ వింటూ పెద్దమ్మ వేళ్లు తునికాకు వదిలేసి చాట అంచు మీద దరువు వేయసాగాయి. "నోరు బందయితే ఏందొదినా, నీ చేతులు పాడుతున్నయి. డప్పు కొట్టినాయన బిడ్డవు గదా" అంది పక్కింటామె.

మా తాత సంగతి అది. చావుకైనా జాతరకైనా ఊరివాళ్లు పిలిస్తే వెళ్లి డప్పు కొట్టినవాడు. బాప్తిస్మం తీసుకున్నాక దాన్ని అటకెక్కించాడు. పెద్దమ్మ దింపించి చూస్తే తోలును ఎలుకలు తినేసి, కట్టె చట్రం మిగిలింది. గంభీరావుపేటలో తెలిసినాయన చేత కొత్త తోలు వేయించింది. ఆ కబురు విని సంఘ పెద్ద ఇంటికే వచ్చాడు. వరసకు ఆమెకు తమ్ముడు. "అక్కా, ఎంతో గోసపడి గా పని ఇడిసిపెట్టినం. చావుల కాడ కొట్టే డప్పును చర్చిలకు తెత్తవా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, పాత అవమానం ఉంది. పెద్దమ్మ అతన్ని దగ్గరకు పిలిచి చెప్పింది: "మా బాపును కొట్టుమంటే కొట్టిండు తమ్మీ. నన్నెవ్వలు కొట్టుమనలే. నేనే కొడుత. దేవునితోని మాట్లాడెతందుకు నాకు గిదొక్క తొవ్వే దొరికింది." అతను చాయ తాగి, "అయితే జర మెల్లగ కొట్టు" అని లేచిపోయాడు.

మెల్లగా మోగడం డప్పుకూ తెలియదు, మా పెద్దమ్మకూ తెలియదు. తోలు వేడెక్కితేనే డప్పు పలుకుతుంది కాబట్టి, ఆ ఆదివారం చర్చి వాకిట్లో ఆమె గడ్డి మంట వేసింది. పొగ చూసి పాస్టరుగారు బకెట్‌తో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మొదటి పాటకు ఆమె చేతులు తడబడి, పాట కంటే ముందే దరువు ముగిసిపోయింది. రెండో పాటకు కుదిరింది. మూడో పాటకు వెనక వరుసలోని ముసలివాళ్ల పాదాలు కదిలాయి. సంఘ పెద్ద తల వంచుకునే కూర్చున్నాడు గానీ, మోకాలి మీద ఆయన వేళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి. పెద్దమ్మ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

గొంతు తిరిగి రాలేదు. ఇప్పుడామెకు డెబ్బై దాటాయి. క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగే పాటల బృందంలో నడవలేక, ఆటో ఎక్కి కూర్చుని కొడుతుంది. ఆటో ముందు, జనం వెనక. కాలం ఆమె దగ్గర ఒక్కొక్కటీ తీసుకుంటూనే ఉంది. ఆమె మాత్రం, ఆ గడ్డి మంట వేసిన రోజు నుంచి, ఒక్క ఆదివారాన్ని కూడా కాలానికి ఇవ్వలేదు.