సగం బన్ను

సత్తెనపల్లి బస్టాండు పక్కన బేకరీలో ట్రేలు దించే వేళకు వేడి బన్నుల వాసన రోడ్డు దాకా వస్తుంది. రోజూ నేను పాఠాలు చెప్పే బడికి వెళ్ళడానికి అక్కడే బస్సు దిగుతాను. ఆ వాసన తగలగానే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడుస్తాను.

ఊళ్ళో నాకు ఇంగ్లీషు చెప్పింది ఏసుదాసు మాస్టారు. ఆయన తల్లి మా చేలో మిరపకాయలు కోసిన మనిషి. మాస్టారికి మాటల పుట్టుకంటే పిచ్చి. "కంపానియన్ అంటే తోడు అని రాసేసి ఊరుకోమాకండి. లాటిన్‌లో కం అంటే కలిసి, పానిస్ అంటే రొట్టె. ఒక్క రొట్టెను కలిసి తినేవాళ్ళు!" అని ఎంత మురిసిపోయారో. ఇంగ్లీషులో నాకు ఫస్టు మార్కు వచ్చిన రోజు బన్ను తెచ్చి, రెండుగా తుంచి, సగం నా చేతిలో పెట్టారు. వాళ్ళ చేతి తిండి ముట్టుకోకూడదని మా ఇంట్లో కట్టడి. "ఇంటికెళ్ళి తింటానండి" అన్నాను. దారిలో పత్తిచేలోకి విసిరేసి వెనక్కి తిరిగితే, మాస్టారు సైకిలు ఆపి నిలబడి ఉన్నారు. "ఎండగా ఉంది, త్వరగా ఇంటికెళ్ళు తల్లీ" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

పది పాసయ్యాక, కాయ కోతకు మనుషులు దొరకటం లేదని నాన్న నా చదువు మాన్పించబోయాడు. మాస్టారు మా ఇంటికి వచ్చారు. వసారా చూరులో కూలీల కోసం దోపి ఉంచే గ్లాసులో అమ్మ టీ పోసింది. ఆయన తాగి, గ్లాసు తనే కడిగి, మళ్ళీ చూరులో దోపి, "బుర్రున్న పిల్లండీ, ఆపమాకండి" అని బతిమాలారు. నాన్న ఒప్పుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఆ గ్లాసునే చూశాను. నా ఉద్యోగం ఆ గ్లాసు టీ పెట్టిన భిక్ష.

ఆయనకు గొంతు కేన్సరని తెలిశాక గానీ ఆయనింటి గడప తొక్కలేదు నేను. బన్ను తీసుకెళ్ళి, తుంచి, సగం అందించాను. ఓ ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపటికి తువ్వాల్లోకి తీసేశారు.

"మింగుడు పడటంలా తల్లీ. నువ్వు తిను, నే చూస్తా."

ఆయన చూస్తుండగా రెండు సగాలూ నేనే తిన్నాను. తర్వాత పదిహేను రోజులకు పోయారు. ఇన్నేళ్ళూ ఏం చేశావే అని నన్ను నేనే తిట్టుకుంటాను, ఏం లాభం?

మొన్న ఎనిమిదో తరగతి పాఠంలో కంపానియన్ అన్న ఆ మాట వచ్చింది. బోర్డు మీద "తోడు" అని రాశాను. పుట్టుక చెప్పడానికి నోరు రాలేదు. పేజీ తిప్పమన్నాను.