పక్కకి ఒరిగిన పది నిమిషాలు

మా పెయింటరు మరిది వీడియో తీస్తే లోకం పక్కకి పడుకుంటుంది. మనుషులు, బస్సులు, కరెంటు స్తంభాలు, అన్నీ అడ్డంగానే. ఎందుకయ్యా అంటే ఒకటే మాట: "ప్రయోగం, వదినా!"

వరసకే మరిది, ఉండేది పక్కిల్లు. నలభై ఏళ్లు దుకాణాల బోర్డులు రాశాడు. దారం పట్టి గీత కొట్టనిదే అక్షరం ముట్టేవాడు కాదు. మా గోడ మీద క్యాలెండరు ఒరిగితే, సరిచేసి గానీ మంచినీళ్లు తాగేవాడు కాదు. అలాంటివాడు పేట టీవీలో చేరి ఇలా అయ్యాడు.

పేట టీవీ అంటే గ్రంథాలయం మేడ మీద ఒక గది. చప్పుడు మోగకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, ఒక నీలం తెర, ఒక కెమెరా, కాలికి తాడు కట్టిన స్టాండు. పేటవాళ్లెవరైనా ఏదైనా తీసి కేబుల్లో వేసుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పది నిమిషాలు మా మరిదివి. చూపించేది మా వీధినే.

మేము ఎడమ భుజం మీదికి తల వాల్చి చూసేవాళ్లం. శనివారం పొద్దున్నే వీధి వీధంతా మెడకి మందు రాసుకునేది. "జన్మలో మొదటిసారి టీవీలో కనబడితే, శవంలా పడుకోబెట్టాడండీ!" అని పోస్టుమాను ఏడ్చినంత పని చేశాడు.

ఎడమకి ఎలాగో అలవాటుపడ్డాం. ఆరో వారం ఉన్నట్టుండి కుడికి తిప్పాడు.

"ఇదేం రోగమయ్యా?"

"కొత్త ప్రయోగం, వదినా!"

ఏ మనిషైనా కారణం లేకుండా వైపు మారుస్తాడా? స్టాండు కాలు విరిగిందేమోనని మేడెక్కి చూసొచ్చాను. విరిగే ఉంది గానీ, మిగతావాళ్లకి తిన్నగానే నిలబడుతోంది.

"ఇరవై సంతకాలు తెండి పిన్నిగారూ, ఆపేస్తాను," అంది స్టూడియో ఇన్‌చార్జి అమ్మాయి. రెండు రోజుల్లో పంతొమ్మిది పట్టుకొచ్చాను. సంగతి తెలిసి మరిది మొహం వాడిపోయింది.

"ఇంకో నెల ఆగు వదినా."

"ఎందుకు?"

"ప్రయోగం," అన్నాడు గానీ గొంతులో పస లేదు.

ఇరవయ్యో సంతకానికి కుట్టు అక్క గుర్తొచ్చింది. వీధి చివర మేడ మీద ఉంటుంది. మా అందరి చొక్కాలూ ఆవిడ కుట్టినవే. తుంటి విరిగి మంచాన పడింది. "లేచి కూర్చునేదాకా ఒక్కరూ పలకరింపులకి రావద్దు," అని కబురు పెట్టింది. నేను ఆగే మనిషినా? శుక్రవారం సరిగ్గా ఆరింటికి కాగితం పట్టుకుని తలుపు తోశాను.

అక్క కుడిపక్కకి తిరిగి పడుకుని ఉంది. వీపుకి దిళ్లు, ఎదురుగా టీవీ.

"రానే వచ్చావూ! సరే, నోరు మూసుకుని కూర్చో. నీ గుమ్మమే వస్తోంది."

"ఎన్నాళ్లక్కా ఇలా?"

"మొదట ఎడమకి పడుకోబెట్టారు. ఒళ్లు ఒరుసుకుపోతోందని రెండు వారాల కిందట డాక్టరు ఇటు తిప్పాడు."

నేను మంచం అంచున మెల్లగా కుడికి ఒరిగాను. మా వీధి లేచి నిలబడింది.

"పోస్టుమాను కాలరు చూడు, నేను కుట్టిందే, ఎలా నిలబడిందో! ఈ టీవీలో తిన్నగా తీసేవాడు ఇతనొక్కడే, మిగతావన్నీ వంకర. ఇంతకీ ఆ కాగితమేమిటే?"

"ఏం లేదక్కా, విసురుకోడానికి."

మెట్లు దిగి నేరుగా వెళ్లి మరిదిని నిలదీశాను. "టీవీనే పక్కకి నిలబెట్టొచ్చుగా?"

"మందులు ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడు నిలబెట్టాను వదినా, దొర్లి పగిలింది. ఇప్పుడక్కడున్నది మా ఇంటిది."

"మాకు చెప్పి ఏడవొచ్చుగా?"

"నీకు చెబితే ఆవిడకి చేరదా? జాలిపడి తీస్తున్నానని తెలిస్తే టీవీ కట్టేసి గోడకేసి చూస్తుంది."

మర్నాడు ఇన్‌చార్జి అమ్మాయి అడిగింది. "కాగితమేది పిన్నిగారూ?"

"పోయింది."

"పంతొమ్మిది సంతకాలు ఎలా పోతాయండీ?"

"ప్రయోగం," అన్నాను.

ఆ పంతొమ్మిది మందికీ, ఎవరికీ చెప్పొద్దని విడివిడిగా ఒట్టు వేయించుకుని మరీ చెప్పాను. శుక్రవారం ఆరయ్యేసరికి వీధంతా చాపలు పరుచుకుని కుడిపక్కకి తిరిగేది. మెడనొప్పులు పోయాయి. మా ఆయనకైతే మూడో నిమిషంలోనే గురక.

మొన్న శుక్రవారం అలాగే పడుకుని టీవీ పెట్టాం. మా వీధి అడ్డం తిరిగిపోయింది! చాప మీంచి చెయ్యి చాచి మరిదికి ఫోను కొట్టాను.

"ఏమయ్యా, వంకరగా తీసి ఏడ్చావేం?"

అవతల గొంతు నిండా నవ్వు. "కుట్టు అక్క పొద్దున లేచి కూర్చుంది వదినా!"