బ్రోకరు వేషం

నేను అడిగింది ఇన్‌స్పెక్టర్ వేషం. ఆఖరి సీన్లో తలుపు తన్ని లోపలికొచ్చి, ఆడపిల్లని విడిపించి, సమాజాన్ని ఉద్దేశించి ఒక పేజీ డైలాగు చెప్పే వేషం. ఆ పేజీ అద్దం ముందు నిలబడి కంఠతా పట్టేశాను కూడా. తీరా గవర్నర్‌పేటలో అద్దెకు తెచ్చిన ఖాకీ చొక్కాకి నా పొట్ట దగ్గర బొత్తాలు పడలేదు.

విజయవాడలో మా చర్చి తరపున వేస్తున్న నాటకం అది. ఊరి బయట ఒక హోమ్ ఉంది. పని ఇప్పిస్తామంటే నమ్మి వెళ్లి, అమ్ముడుపోయి, ఎలాగో బయటపడిన ఆడవాళ్లు అక్కడ ఉంటారు. వాళ్లంతా కుట్టుపని నేర్చుకున్నారు. కానీ స్కూలు యూనిఫారాల ఆర్డర్లు పట్టాలంటే కరెంటు మిషన్లు కావాలి. నాటకం వేసి, టికెట్లమ్మి, ఆ మిషన్లు కొనిద్దామన్నది పాస్టరమ్మగారి ఆలోచన. రాసిందీ, మాకు నేర్పిందీ ఆవిడే.

"మీరు బ్రోకరు వెయ్యండి బ్రదర్. దానికి పొట్టున్నా పర్లేదు," అన్నారావిడ.

సరే, విలనైతే విలన్ అనుకుని దుర్మార్గం మీద శ్రద్ధ పెట్టాను. దట్టమైన మీసం, నల్లకళ్లద్దాలు, మెళ్లో గిల్టు గొలుసు. నవ్వు మీద ప్రత్యేకంగా కష్టపడ్డాను. బాత్రూంలో సాధన చేస్తుంటే మా ఆవిడ తలుపు కొట్టి, "ఏమైందండీ, పొరబోయిందా?" అని కంగారుపడింది.

మా దుస్తులు కుట్టడానికి హోమ్ నుంచి ఒకామె వచ్చేది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, చల్లపల్లి వైపు మనిషి. రిహార్సల్ రోజు నాకు కొలతలు తీస్తుంటే నేను నోరు మూసుకుని ఉండలేకపోయాను. నేను ఇన్సూరెన్స్ ఏజెంటుని. టేపు మెడ చుట్టూ ఉన్నా పాలసీ గురించి చెప్పగలను.

"ఈ చేతుల మీదే కదమ్మా నీ బతుకంతా. రేపు వీటికి ఏదన్నా అయితే? నాకేదో వస్తదని కాదు, నీ మంచికే చెప్తున్నా," అన్నాను.

"చూద్దాంలెండి బాబాయిగారూ," అని ఆమె నా నడుం కొలత రెండుసార్లు చూసుకుంది.

తర్వాత నా సీన్ మొదలైంది. కళ్లద్దాలు పెట్టుకుని, చెయ్యి పైకెత్తి, సాధన చేసిన నవ్వంతా నవ్వాను. నా తర్వాత ఇంకో నవ్వు వినిపించింది. కుట్టే ఆమెది. పైట అడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు. కథానాయిక వేషం వేస్తున్న ఇంటర్ పిల్ల కూడా నవ్వేసింది. నాకు రోషం వచ్చింది.

"ఏమ్మా, బాలేదా?" అని పాస్టరమ్మగారు ఆమెని అడిగారు.

"బాగానే ఉందండీ. కాకపోతే ఈయన్ని చూస్తే మా వీధిలో కుక్కలే తరుముతాయి. ఈయనెంట ఎవరెళ్తారండీ?" అంది. కాసేపటికి నవ్వు ఆపి, చేతిలో గుడ్డ సర్దుకుంటూ చెప్పింది. "మా ఊరొచ్చినాయన పెద్దమనిషిలా ఉండేవాడండీ. మా అమ్మకి షుగర్ మాత్రలు తెచ్చిచ్చాడు. రొయ్యల కంపెనీలో పని, ఉండటానికి హాస్టలు అన్నాడు. నాకేం వస్తదమ్మా, నీ మంచికే అన్నాడు."

ఆమె మొహమాటంగా నా వైపు చూసింది.

"ఇందాక కొలతలప్పుడు నాతో మాట్లాడారు కదండీ. అట్లా మాట్లాడండి, సరిపోద్ది."

అందరూ నన్నే చూశారు. ఇన్నేళ్ల నా వృత్తిలో నా మాటతీరును ఇంత నిఖార్సుగా మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆ మెప్పుని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఇంటికెళ్లి, ఓదారుస్తుందన్న ఆశతో మా ఆవిడకి చెప్పాను.

"నిజమే కదా. మా నాన్నతో కూడా అట్లాగే మాట్లాడి నన్ను చేసుకున్నారు," అంది.

నాటకం ఆదివారం సాయంత్రం. మీసం లేదు, గొలుసు లేదు. నా చొక్కా, నా బ్యాగు, నా మాటలు. తల్లి వేషంలో ఉన్నావిడని మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగాను. కూతురి చదువు మెచ్చుకున్నాను. ఛీ కొడతారేమో అనుకున్నాను, ఎవరూ కొట్టలేదు. "మంచోడల్లే ఉన్నాడు పాపం," అంది ముందు వరసలో ఒక ముసలమ్మ. పిల్ల చేతిలో సంచి నేను అందుకోగానే ఆమే లేచి నిలబడి, "ఒసే, వెళ్లమాకే!" అని అరిచింది.

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. తర్వాతి మాట మర్చిపోయి సంచి పట్టుకుని నిలబడిపోయాను. ఆఖరికి ఆ పిల్లే, "పదండి బాబాయ్, బస్సు టైమైంది," అని నా చెయ్యి పట్టుకుని తెర వెనక్కి లాక్కెళ్లింది. మోసపోయే పిల్లే దారి చూపించాల్సినంత గొప్పగా నటించానన్న మాట.

తెర వెనక కుట్టే ఆమె కనిపించలేదు. బయట మెట్ల మీద కూర్చుని ఉంది. నేను కొంచెం దూరంగా కూర్చున్నాను.

"ఏమనుకోకమ్మా. నాటకమే కదా."

"తెలుసండీ. సంచి అందుకునే దాకా చూశాను. ఆ తర్వాత చూడబుద్ధి కాలేదు."

"చెప్తే ఆపేసేవాళ్లం."

"ఎందుకండీ ఆపడం? ఆ ముసలమ్మగారు అరిచారు, విన్నారా? మా ఊళ్లో అట్లా ఒక్కరన్నా అరిచుంటే..." అంది.

ఓదార్చడానికి నా దగ్గర ఎన్నో మాటలున్నాయి. అన్నీ ఇందాక స్టేజీ మీద వాడినవే. అందుకని నోరు మూసుకుని అక్కడే కూర్చున్నాను.

మిషన్లు వచ్చాయి. ఒక స్కూలు వాళ్లు యూనిఫారాలు కుట్టమన్నారు. నాకు మాత్రం కొత్త కష్టాలొచ్చాయి. పాత ఖాతాదారు ఒకాయన ఫోన్ చేసి, "మా పాలసీ నిజమైందే కదండీ?" అన్నాడు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక తల్లి నన్ను చూసి కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

తర్వాత ఉయ్యూరు చర్చి వాళ్లు పిలిస్తే అక్కడా వేశాం. అయ్యాక ఒకావిడ కూతురితో నా దగ్గరికి వచ్చింది. "మా అమ్మాయికి పనిప్పిస్తానని ఒకాయన వస్తన్నాడండీ. అచ్చం మీలాగే మాట్లాడతాడు," అంది.

నేను సమాధానం చెప్పబోయి, ఆగి, ఇద్దరినీ మాతో వచ్చిన కుట్టే ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. ముగ్గురూ ఒక మూలకి కుర్చీలు జరుపుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ పిల్ల ఎక్కడికీ వెళ్లలేదని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నేను చేసిందల్లా వాళ్లకి టీలు తెచ్చివ్వడం. వెళ్తూ ఆ తల్లి అందరికీ దణ్ణం పెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, పక్కనుంచి దాటుకుని వెళ్లిపోయింది.