మొగులుకు కుట్టిన ఖాకీ కోటు

మొన్న సోమవారం పొద్దున నేను మిషన్ మీద జాకెట్టు కుడుతుంటే పక్కింటామె వచ్చి, కాంపౌండర్ సారు పోయారని చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. ఇక ఆయన ఎదురుపడరు కదా అన్న మాటే ముందు మనసులోకి వచ్చింది. అలా అనుకున్నందుకు ఇది రాస్తున్నప్పుడు కూడా తల ఎత్తలేకపోతున్నాను.

సారుది వనపర్తిలో మా వీధి చివరి ఇల్లు. పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి, రిటైరయ్యాక ఇంటి అరుగు మీదే మేకలకూ బర్రెలకూ కట్లు కట్టేవారు. ఏ జీవాన్నీ వచ్చీరాగానే ముట్టుకునేవారు కాదు. చెప్పులు విడిచి కింద కూర్చుని, చేతి వెనకవైపు దాని ముక్కు దగ్గర పెట్టి, అది వాసన చూసేదాకా ఆగేవారు. "మనం చూసుడు తర్వాత. ముందుగాల అది మనల్ని చూడాలె" అనేవారు. చీటీ మీద మందు కంటే ముందు జీవం పేరు రాసేవారు. పేరు లేదంటే తానే ఒకటి పెట్టేవారు. మా వీధి మేకల్లో సగం పేర్లు ఆయన పెట్టినవే.

నా దగ్గర పొట్టి కాళ్ల, పొడుగు నడుము డాష్‌హౌండ్ కుక్కల జంట ఉండేది. రెండూ నల్లవే, ఒకే ఈతలో పుట్టినవి. తోబుట్టువులను జత కట్టించవద్దని సారు ముందే చెప్పారు. నేను వినలేదు. పుట్టిన పిల్లల్లో ఒకటి వాన మబ్బు రంగులో మెరిసిపోతూ వచ్చింది. చూసినవాళ్లంతా అదే కావాలన్నారు. నేను గాల్లో తేలిపోయాను.

టీకాకు తీసుకెళ్తే సారు దాని వీపు మీద వెంట్రుకలను చాలాసేపు నిమిరి చూశారు. "మొగులు" అని చీటీ మీద మబ్బు పేరే రాసి, నావైపు తిరిగారు.

"ఈ రంగు అవ్వ దగ్గర కొంత, అయ్య దగ్గర కొంత దాగి ఉంటది బిడ్డా. రెండూ కలిస్తెనే బయట పడ్తది. గిట్లాంటి వాటికి కొన్నిటికి ఏడాది లోపల వీపు మీద బొచ్చు రాలిపోతది, మల్ల రాదు. తీస్కపోయేటోళ్లకు ముందే చెప్పు."

సరేనన్నాను. తిమ్మాజిపేట నుంచి ఒక బడిపంతులు ఆ కుక్కపిల్లను కొనడానికి వస్తే మాత్రం నోరు విప్పలేదు. చెబితే వద్దంటాడని భయం.

ఏడో నెలలో పంతులు మొగులును మళ్లీ నా దగ్గరికి తెచ్చాడు. తలా కాళ్లూ బాగానే ఉన్నాయి, నడుము పొడుగునా బోడి. అది గజ్జేనని, నయం చేసి ఇస్తానని చెప్పి ఉంచుకున్నాను. ఘణపూర్‌లో మా అన్నకు గొర్రెలున్నాయి. ఆయన గొర్రెలకు వాడే గజ్జి మందు తెచ్చి, నీళ్లు సరిగ్గా కలపకుండానే దాని వీపంతా పూశాను. రెండు రోజుల్లో చర్మం కాలి పుండ్లు పడింది. భయపడి సారు అరుగు మీదికి తీసుకెళ్లాను. పిల్లను చూసిపోదామని వచ్చిన పంతులు కూడా వెతుక్కుంటూ అక్కడికే వచ్చి, ఏమైందని అడిగాడు. అరుగు నిండా జనం. నేను సారు వైపు చూపించి, ఆయన వేసిన టీకా పడలేదని చెప్పాను.

సారు నా ముఖం చూశారు. పంతులుతో ఒక్క మాటే అన్నారు: "పిల్లను నాకియ్యండి." ఆ రోజు నుంచి మొగులు ఆయన దగ్గరే ఉంది. సారు సూదికి బొచ్చు ఊడుతుందన్న మాట మాత్రం ఊరంతా పాకింది. గొల్లలు ఆయన అరుగుకు రావడం మానేశారు. ఖాళీ అరుగును రోజూ చూస్తూనే నా దుకాణానికి పోయేదాన్ని.

ఒకరోజు ఆయనే తన పాత ఖాకీ చొక్కా పట్టుకుని, మొగులును వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చారు. ఎండ తగలకుండా దానికి ఒక కోటు కుట్టమన్నారు. కొలత తీస్తూనే తప్పయిందని గొణిగాను.

"నాకెందుకు చెప్తవు బిడ్డా. నేను ఎరుగనా? పంతులుకు చెప్పు" అన్నారు. కోపంగా అనలేదు. నేను చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ రెండేళ్లు గడిపాను.

సోమవారం సారు ఇంటి ముందు పంతులు కూడా నిలబడి ఉన్నాడు. అందరూ వింటుండగానే పంతులుకు చెప్పాను. రంగు సంగతి నాకు ముందే తెలుసని, చర్మం కాలింది నా మందుకేనని, సారు చేసిన తప్పేమీ లేదని. "ఇప్పుడు చెప్తున్నవా అమ్మా" అని పంతులు పక్కకు తిరిగాడు.

లోపల మొగులు సారు మంచం కింద పడుకుని ఉంది. ఒంటి మీద అదే ఖాకీ కోటు. పొట్ట దగ్గర నేను వేసిన కుట్టు ఎప్పుడో ఊడినట్టుంది. అక్కడ పశువుల గాయాలకు వాడే నల్ల దారంతో వరసగా ముడులు వేసి ఉన్నాయి. నా దుకాణం నాలుగిళ్ల అవతలే. అయినా ఆయన నా దగ్గరికి తేలేదు.

చెప్పులు విడిచి కింద కూర్చున్నాను. చేతి వెనకవైపు దాని ముక్కు దగ్గర పెట్టి ఆగాను. మొగులు వాసన చూసి, లేచి, మంచం అవతలి వైపుకు పోయి పడుకుంది.